పది పౌండ్ల పూరిల్లు

పది పౌండ్లకే ఇల్లు! అదీ ఇంగ్లండులో! నమ్మలేం కదూ? కానీ 1896లో నిజంగానే ఆ ధరకు ఓ ఇల్లు అమ్ముడుపోయింది. కాకపోతే అప్పటికే అది ఎప్పుడు కూలుతుందో అన్నట్టుంది. దాన్ని చూడ్డానికే ఇప్పుడు జనం టికెట్ కొనుక్కుని మరీ వస్తున్నారు.

దక్షిణ ఇంగ్లండులోని ససెక్స్‌లో, కక్‌మియర్ నది పక్కనున్న చిన్న ఊరు ఆల్‌ఫ్రిస్టన్. అక్కడి చర్చికి దగ్గర్లో గడ్డి కప్పుతో కనిపిస్తుంది క్లర్జీ హౌస్. 14వ శతాబ్దం నాటిది. చాలాకాలం చర్చి ఆస్తిగా ఉండటంతో ఆ పేరొచ్చింది.

ఇంటి బరువంతా మోసేది ఓక్ కలపే. స్తంభాలు, దూలాలు నిలిపి, మధ్య ఖాళీల్లో కర్రలతో తడికలు అల్లి మట్టి మెత్తారు. మన పల్లెల్లో తడిక గోడలు చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. నడిమి హాల్లో నిలబడి తలెత్తితే నేరుగా ఇంటి కప్పే కనిపిస్తుంది. అప్పట్లో ఇలాంటి ఇళ్లకు పొగగొట్టాలు ఉండేవి కావు. నేల మధ్యలో నెగడు వేస్తే, పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచి పోయేది. పొగచూరిన వాసాలను బట్టే నిపుణులు ఇప్పటికీ ఇలాంటి పాత ఇళ్లను గుర్తుపడుతుంటారు.

హాలుకు రెండువైపులా గదులు, వాటిపైన మేడ. మేడ గోడలు కింది గోడల కంటే కాస్త ముందుకు పొడుచుకొస్తాయి. అన్నిటినీ కలిపి ఒకటే కప్పు. ఈ తరహా కట్టడాలను ‘వీల్డెన్’ ఇళ్లంటారు. ఇక నేల సంగతి మరీ విచిత్రం. సుద్దను పరిచి, దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో గట్టిపరిచారు. మనం పేడతో అలుక్కున్నట్టే!

19వ శతాబ్దం చివరికి ఇల్లు శిథిలమైంది. కూల్చేద్దామనుకున్నారు. బతికినంతకాలం ఇక్కడే ఉంటానని అందులో అద్దెకుంటున్న వృద్ధురాలు వేడుకోవడంతో ఆ పని వాయిదా పడిందని చెబుతారు. తర్వాత ఊరి చర్చి ఫాదర్ బేనన్ దాన్ని నిలబెట్టమంటూ సాయం కోసం తిరిగారు. చివరికి 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు ముందుకొచ్చి పది పౌండ్లకు కొంది. ట్రస్టు కొన్న తొలి కట్టడం ఇదే.

కొనడం సులువే, నిలబెట్టడమే కష్టం. వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ పోవెల్ మరమ్మతులు చేశారు. పాతదాన్ని కొత్తదానిలా మెరిపించకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడాలి... 1877లో విలియం మోరిస్ ప్రారంభించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం పాటించిన సూత్రమది. ఇప్పుడీ ఇల్లు ‘గ్రేడ్ 2 స్టార్’ రక్షిత కట్టడం. దాని రూపం మారేలా ఏ పని చేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాల్సిందే.

లోపలికెళితే హాలు మూలన చెక్కమీద చెక్కిన ఓక్ ఆకును వెతకండి. ట్రస్టు చిహ్నానికి ప్రేరణ అదేనంటారు కొందరు.

లండన్ నుంచి వెళ్లేవాళ్లు ససెక్స్‌లోని బెర్విక్ స్టేషన్లో రైలు దిగాలి. స్కాట్లండ్ సరిహద్దు దగ్గర బెర్విక్ పేరుతోనే ఇంకో ఊరుంది, టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త! ఇల్లు తెరిచి ఉండే రోజులు కూడా ముందే చూసుకోవాలి.

ఇప్పుడు ట్రస్టు చేతిలో కోటలున్నాయి, జమీందారీ భవంతులున్నాయి. ఆ వరసలో మొదటిది మాత్రం ఈ పూరిల్లే!