అరగాల్సింది బుష్షు

ఆ సంక్రాంతి ముందు కృత్తివెన్నులో మా లేతు షెడ్డుకొచ్చిన షాఫ్టు నాకింకా కళ్లముందే ఉంది. రైసు మిల్లు లైను షాఫ్టు, రెండున్నర అంగుళాల లావు. బుష్షు కూర్చునే చోట గోరు పెట్టి లాగితే ప్రతి గీతకీ గోరు తట్టుకుంది. బుష్షేమో కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని బిగించి నెల కాలేదు. బిగించింది నేనే.

పాతది అరిగిపోయినప్పుడు మిల్లు యజమాని "ఖర్చు చూడకు, గట్టిది వెయ్యి" అన్నారు. బెజవాడ వెళ్లి ఫాస్ఫర్ బ్రాంజు తెచ్చాను. రాగిలో పదో వంతు తగరం, చిటికెడు ఫాస్ఫరస్. లోహంలో వంకేమీ లేదు. గట్టి షాఫ్టు, తప్పని వరస, ఆగని నూనె దొరికితే ఏళ్లు నడుస్తుంది. ఆ మిల్లులో మూడూ లేవు. షాఫ్టు మెత్తటి ఉక్కు. గోడ కుంగి వరస తప్పింది. నూనె పోసేవాడికి గుర్తొస్తేనే నూనె. ఆపైన ఊక దుమ్ము. ఊకలో ఉండేది సిలికా, ఇసుకలో ఉండేదే.

లేతు నేర్పిన మావయ్య షాఫ్టు మీద వేలు రాసి చూశాడు. తిట్టలేదు.

"బుష్షు అరిగితే పూట పనిరా. షాఫ్టు పోతే సార్వా ఆడకుండా మిల్లు మూతే. ఏది అరగాలో ముందే అనుకోవద్దూ?"

ఇత్తడి తుక్కు కరిగించి పోత పోయిద్దామన్నారు యజమాని. మావయ్య అటక మీంచి రొయ్యల చెరువు పంపు బుష్షొకటి దించాడు. ఉప్పుటేరు నీళ్లు తోడిన పంపుది. పసుపు పోయి రాగిలా ఎర్రబడింది. స్క్రూడ్రైవరుతో గీకితే బెల్లం అచ్చులా రాలింది. ఉప్పునీళ్లు ఇత్తడిలో జింకును తినేస్తే మిగిలేది ఆ గుల్లే. మిల్లులో ఉప్పునీళ్లు లేవు కానీ, తుక్కులో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? యజమాని మళ్లీ ఆ మాటెత్తలేదు.

అందరూ కంచు బుష్షనే అంటారు గానీ గంటలకు పోసే కంచు వేరు. అందులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది. చక్కగా మోగుతుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. మాకు కావలసింది సీసం కలిసిన గన్ మెటల్: రాగి 85 పాళ్లు, తగరం, సీసం, జింకు అయిదేసి. నూనె తప్పిన కాసేపు సీసమే జారుడునిస్తుంది. దుమ్ము రేణువును తనలో దించేసుకుంటుంది, షాఫ్టు మీదికి పోనివ్వదు.

గీతలు పోయేదాకా షాఫ్టును కోశాను. లేతు మీద గన్ మెటల్ పొట్టు రవ్వలా రాలింది. అంగుళంలో వెయ్యో వంతులు మూడు సందు వదిలి బోరు చేసి, నూనె గాడి మావయ్య చేతే కొట్టించాను.

దాళ్వా ధాన్యం ఆడాక మూత విప్పి చూశాం. బుష్షు కింది సగం బాగా అరిగింది, నల్లటి చుక్కలు దిగి ఉన్నాయి. షాఫ్టు మీద గోరు జారిపోయింది. మధ్యాహ్నం కొత్త బుష్షు వేశాం. దీపాలు పెట్టే వేళకు మిల్లు ఆడుతోంది.