అడగడానికి వీల్లేని ఉద్యోగం

అక్టోబరు 21, 2025
పోలీసు అమరవీరుల దినం. 1959లో ఇదే రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది మన పోలీసులు చనిపోయారు. ఈ ఏడాది అమరుల పేర్లు టీవీలో చదువుతుంటే లేచి నిలబడ్డాను.

అక్టోబరు 23
పక్కింటి ఆయన బెటాలియన్ కానిస్టేబుల్. వాళ్ల వంటింటి క్యాలెండర్‌లో ఆయన ఇంట్లో ఉన్న రోజులకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. బాబు పుట్టినరోజు గడికి సున్నా లేదు.
"నిరుడు ధర్నాకి మీరూ వెళ్లారా వదినా?"
"వెళ్లకేం చేస్తాం? ఆయన నోరెత్తకూడదంట. మేమైనా అడగొద్దా?"
2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసుల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. ఏక్ పోలీస్, అంటే పోలీసులందరికీ ఒకే విధానం కావాలన్నారు. ఆ తర్వాత కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు. 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు.

అక్టోబరు 24
పోలీసు బలగాల హక్కులను పరిమితం చేసే 1966 నాటి కేంద్ర చట్టం చదివాను. అనుమతి లేకుండా కార్మిక సంఘంలో చేరకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. మీరితే రెండేళ్ల దాకా జైలు. ఇలా హక్కులు కుదించే అధికారం పార్లమెంటుకు రాజ్యాంగం 33వ అధికరణం ఇచ్చింది.
పోలీసులకు సమ్మె హక్కు వద్దనే నేనూ అంటాను. ఊళ్లో గొడవైన రాత్రి స్టేషన్‌లో మనిషి ఉండి తీరాలి. కానీ సమ్మె వేరు, కష్టం చెప్పుకోవడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గుర్తింపు ఉన్న పోలీసు అధికారుల సంఘాలకు కూడా వినతిపత్రం ఇచ్చి ఎదురుచూడటమే మిగులుతోంది.

అక్టోబరు 26
స్టేషన్లలో 90 శాతం సిబ్బంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) అధ్యయనం 2014లోనే తేల్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటిస్తే ఎంత సంతోషపడ్డానో! అయితే పై అధికారి దయతో దొరికే సెలవు, మనుషులు చాలని వారం మొదట ఎగిరిపోతుంది. చట్టంలో రాసి ఉంటే అడగడానికి ఆధారమైనా ఉంటుంది.

నవంబరు 1
2024 జులై నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాలను వీడియో తీయాలి. మంచి నియమం, నిర్దోషికి రక్ష. మరి ఫోన్ ఎవరిది? డేటా ఖర్చు ఎవరిది? రాత్రి 2 గంటలకు ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంటే బీరువా తెరిచేదెవరు? ఈ ప్రశ్నలు కానిస్టేబుల్‌కే తడతాయి.

నవంబరు 2
మా ఎంపీకి ఉత్తరం రాశాను. నేర చట్టాల బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకొస్తే కానిస్టేబుళ్ల ప్రతినిధుల్ని పిలిచి వినాలని, 1966 చట్టాన్ని సవరించి పని గంటల గురించి బాహాటంగా మాట్లాడే వీలు వాళ్ల సంఘాలకు ఇవ్వాలని. వదిన కూడా సంతకం పెడతానంది. ఆయనకు ఇబ్బంది అవుతుందేమోనని నేనే వద్దన్నాను.