ఏడో నంబరు కుర్రాడు

మా 'గోంగూర' ఎత్తును అవతలి జట్టు పట్టేయడానికి పావుగంట కూడా పట్టలేదు. వాళ్ళలో తెలుగువాళ్ళెవరూ లేరు. మూడో టాకిల్ కాగానే మా పిల్లలు ఆ మాట అరుస్తున్నారని గమనించారు, అంతే. నాలుగోసారి మా జట్టువాడు "గోంగూర" అనగానే అంచున ఆడే వాళ్ళ వింగర్ కూడా గొంతు కలిపి "గోంగూర" అంటూ ముందుకు దూకాడు. గీత బయట నిలబడ్డ తల్లిదండ్రులంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ కడుపులో రగులుతూనే ఉంది.

మేముండేది సిడ్నీ పడమటి శివారు, వెంట్‌వర్త్‌విల్‌లో. మా అబ్బాయి బడిలో సమోవా, టోంగా, లెబనాన్ కుటుంబాల పిల్లల వెంటబడి రగ్బీ లీగ్‌లో చేరాడు. నేను గుడివాడలో కాలేజీ జట్టుకు కబడ్డీ ఆడినవాణ్ణి. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల జట్టుకు సహాయ కోచ్ కావాలంటే చెయ్యెత్తేశాను. పట్టుకోవడం, విడిపించుకోవడం నాకు కొత్తా అనుకున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. జట్టుకు 13 మంది. బంతి ఉన్నవాళ్ళకు ఆరు టాకిళ్ళు, ఓవర్లో ఆరు బంతుల్లాగా. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్ళది. అందుకే ఐదు అయిపోగానే చాలాసార్లు కాలితో తన్నేస్తారు. పట్టుబడ్డవాడు లేచి, బంతిని మడమతో వెనక్కి దొర్లిస్తాడు. ఆలోగా గోడలా నిలబడ్డ అవతలి జట్టు 10 మీటర్లు వెనక్కి తగ్గాలి. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. గీత దాటి నేలకు ఆనిస్తే 'ట్రై', నాలుగు పాయింట్లు. పూర్వం అలా ఆనిస్తే పాయింట్లేమీ వచ్చేవి కావు, గోలుకు తన్నే ప్రయత్నానికి అవకాశం మాత్రం దొరికేది. ఆ పేరే మిగిలింది. మనం "ట్రై చేస్తా" అంటామే, అసలు అర్థం అదేనన్నమాట.

దాడి నడిపేది ముఖ్యంగా నలుగురు. దొర్లించిన బంతిని అందుకునే తొమ్మిదో నంబరు, ఆరు, ఏడు నంబర్లు, వెనకనుంచి వచ్చి కలిసే ఒకటో నంబరు. వీళ్ళలో ఏడో నంబరు, హాఫ్‌బ్యాక్, వంటింట్లో గరిటె పట్టుకున్న మనిషి. మా ఏడో నంబరు సన్నటి కుర్రాడు. మాటలు తక్కువ. మైదానంలో మాత్రం కళ్ళు కుదురుగా ఉండేవి కావు.

అప్పట్లో నాకు ఇక్కడి పెద్ద జట్లలో ఒకటైన పెన్రిత్ పాంథర్స్ పిచ్చి పట్టింది. ఇక్కడివాళ్ళు వినకుండా చెబుతున్నాను. మా వీధంతా పరమట్టా ఈల్స్ అభిమానులే, 1986 తర్వాత కప్పు చూడకపోయినా సరే. పెన్రిత్ మాత్రం 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు గెలిచింది. వాళ్ళ మ్యాచ్‌లు ఆపి ఆపి చూసి, ఏ టాకిల్‌లో ఎవరు ఎక్కడున్నారో ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. రోజంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషికి ఇంకేం తోస్తుంది? పందొమ్మిది ఎత్తులు తయారయ్యాయి. అవతలివాళ్ళకు అర్థం కాకూడదని తెలుగు పేర్లు పెట్టాను. ఆవకాయ, పెసరట్టు, గోంగూర. టోంగా పిల్లల నోట "పెసరట్టు" వింటుంటే భలే ముచ్చటేసేది.

గోంగూర అంటే 'బ్లాక్ ప్లే'. ఈ కాలం ఆటలో తరచుగా కనిపించే ఎత్తు అది. హాఫ్‌బ్యాక్ బంతి అందుకుంటాడు. అతని పక్కనుంచి ఒక ఫార్వర్డ్ నిటారుగా గోడమీదికి పరుగెత్తుతాడు. అతని వీపు వెనకనుంచి ఒకటో నంబరు బయటివైపుకు వంపు తిరుగుతాడు. ముందువాడికి చిన్న పాస్ ఇవ్వాలా, వెనకవాడికి పొడుగు పాస్ ఇవ్వాలా? ఎదురుగా ఉన్న డిఫెండర్ ముందువాడిమీద పడితే బంతి వెనక్కి. డిఫెండర్ బయటికి జారితే ముందువాడికే. తేల్చుకోవాల్సింది ఆ డిఫెండర్ తుంటి ఎటు తిరిగిందో చూశాకే.

నా షీటులో ఆ "చూశాకే" అన్న గడి లేదు. మూడో టాకిల్‌కు గోంగూర, బంతి వెనకవాడికి, అంతే. ముందు పరుగెత్తేవాడు ఉత్త ఎర. ఆ ఎర మా అబ్బాయే.

సెమీఫైనల్లో మొదటి సగం అయిపోవస్తుండగా కుడివైపు మూడో టాకిల్. నేను రాసిన ప్రకారం బంతి ఎడమకు, వెడల్పు వైపుకు పోవాలి. మా ఏడో నంబరు "గోంగూర" అని అరిచి, బంతి అందుకుని, కుడిపక్క ఇరుకులోకి దూరిపోయాడు. ముప్ఫై మీటర్లు పరుగెత్తి వింగర్‌కి విసిరితే, వాడి చేతిలోంచి జారిపోయింది. నేను ఏడో నంబరు కుర్రాణ్ణి బయటికి పిలిచి కూర్చోబెట్టాను. "రాసింది ఆడితే చాలు, నువ్వు చూడక్కర్లేదు" అన్నాను. ఆ మాట నాకిప్పటికీ చెవిలో గుచ్చుకుంటూనే ఉంటుంది. వాడు నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. విరామం తర్వాత దింపితే రాసింది రాసినట్టు ఆడాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. 18-12తో ఓడిపోయాం.

ఆ రాత్రి మావాడితో కలిసి వీడియో చూశాను. గోంగూర ఆడిన ప్రతిసారీ మావాడు పరుగెత్తుతూనే తల పక్కకు తిప్పి వెనకవాణ్ణి చూస్తున్నాడు. చేతులు బంతికోసం తెరుచుకోనేలేదు. అవతలివాళ్ళు వాణ్ణి పట్టించుకోకుండా దాటి బయటికి జారిపోతున్నారు. ఒకసారైతే వాడు గోడలోనే ఆగిపోయి డిఫెండర్‌కి అడ్డం పడ్డాడు. అబ్‌స్ట్రక్షన్ అని రిఫరీ ఈల వేసి మా ట్రై కొట్టేశాడు.

"గట్టిగా పరుగెత్తొచ్చుగా రా?" అన్నాను.

"బంతి రాదని నాకు తెలుసు నాన్నా. వాళ్ళకు తెలీదా?" అన్నాడు.

తర్వాత ఆ కుడిపక్క పరుగు దగ్గర ఆపాను. ఇరుకువైపు మావాళ్ళు ముగ్గురు, వాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు ఇంకా మోకాళ్ళమీదే ఉన్నాడు. పాతిక మీటర్ల దూరంలో నిలబడి నేను కాగితం చూసుకుంటున్నప్పుడు, పధ్నాలుగు నిండని కుర్రాడు అది చూశాడు.

నాకు తెలియని సంగతేం కాదది. గుడివాడలో కూతకు వెళ్ళేటప్పుడు ఏ కాలితో తాకాలో గీత దాటకముందే అనుకుని వెళ్తే పట్టుబడేవాణ్ణి. మూలనున్నవాడి మడమ లేచేదాకా ఊగుతూ, కూత ఆపకుండా, ఆ తర్వాతే కాలు వేసేవాణ్ణి. ఒంటికి తెలిసిన ఈ విద్య, మెడలో ఈల పడేసరికి ఎక్కడికి పోయిందో.

పెన్రిత్‌ను కూడా నేను తప్పుగానే చదివాను. 2023 ఫైనల్లో బ్రిస్బేన్ 24-8తో ముందుంది. అక్కణ్ణుంచి పెన్రిత్ 26-24తో గెలిచింది. ఆఖరి నిమిషాల్లో ట్రై వేసింది వాళ్ళ ఏడో నంబరు నేథన్ క్లియరీ, పాస్ ఇవ్వకుండా తానే దూసుకెళ్ళి. నా షీటులో ఆ పరుగును 'ఇతరములు' అన్న గడిలో వేసుకున్నాను!

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1997 ఫైనల్ ఉంది. న్యూకాజిల్, మాన్లీ 16-16. కొన్ని సెకన్లే మిగిలాయి. అందరూ ఒక్క పాయింటు ఫీల్డ్ గోల్ కోసం చూస్తుంటే, న్యూకాజిల్ ఆటగాడు ఆండ్రూ జాన్స్ తొమ్మిదో నంబరు స్థానంలో బంతి అందుకుని ఇరుకువైపు దూరి డారెన్ ఆల్బర్ట్‌కు అందించాడు. ట్రై, దానిమీద గోలు కలిపి 22-16. న్యూకాజిల్‌కు అదే మొదటి కప్పు. ఈ ఊళ్ళో ఆట చూసే ముసలాళ్ళందరికీ కంఠతా వచ్చిన కథ. నాకే చెవికెక్కలేదు.

సీజను చివర్లో బార్బెక్యూ దగ్గర ఆ కుర్రాణ్ణి పక్కకు పిలిచి, తప్పు నాదేనన్నాను. "పర్లేదు కోచ్" అని ఇంకో సాసేజ్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళ కుటుంబం ఇల్లు మారింది. ఇంకో క్లబ్బులో చేరాడు.

ఇప్పుడు మా జట్టుకు నాలుగే ఎత్తులు. గోంగూరలో బంతి ఎవరికన్నది ముందు చెప్పం. మావాడికి మూడుసార్లకు ఒకసారైనా అందుతోంది, వాడూ చేతులు తెరుచుకునే పరుగెత్తుతున్నాడు. మొన్న మే నెలలో ఆ కుర్రాడి కొత్త జట్టుతో తలపడ్డాం. మొదటి ట్రై వాడే వేశాడు, ఇరుకువైపు నుంచి. వేసే ముందు "గోంగూర" అని అరిచాడు.