ఆయీనాలో ఆమె

సాహిర్ లుధియాన్వీ నజ్మ్ 'చక్లే' చాలామందికి పాటగానే తెలుసు. 1957లో వచ్చిన గురుదత్ 'ప్యాసా'లో రఫీ పాడాడు. సినిమా కోసం సాహిర్ మాటలు తేలిక చేశాడు. అసలు నజ్మ్‌లో ఫార్సీ ఎక్కువ. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కదా, ఆ మాటలు నాకు అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది వేరే సంగతి.

చక్లా అంటే వేశ్యావాటిక. అక్కడి ఆడవాళ్లను సాహిర్ తల్లీ, చెల్లీ, బీవీ అంటాడు. యశోద, రాధ, జులైఖాలను ఒకే వరసలో నిలబెడతాడు. మగవాళ్లకు షరమ్ రావాలని. వస్తుంది కూడా. కానీ గజ్జెల చప్పుడు, దగ్గు వినబడే ఆ నజ్మ్‌లో ఒక్క ఔరత్ కూడా 'మై' అనదు. గిరాకీ వెళ్లిపోయాక ఆయీనాలో తనను చూసుకుని ఏమనుకుంటుందో తెలియదు.

మన హైదరాబాద్ మహలఖా బాయి చందా కూడా తవాయఫే. ఆమెకు దర్బారులో ఇజ్జత్ ఉంది, జాగీర్లున్నాయి. చక్లా ఔరత్‌తో పోలిక కుదరదు. అయినా ఒకటుంది: గజల్ మక్తాలో 'చందా' అని తన తఖల్లుస్ తానే వేసుకుంది. తనెవరో తనే చెప్పుకుంది.

మా అఖ్బార్లలో దాడి వార్తలు చూడండి. ఎంతమంది 'పట్టుబడ్డారో' ఉంటుంది. చున్నీ కప్పుకున్న ముఖాల ఫోటో ఉంటుంది. ఆమె మాట ఉండదు.

ఆమెను బెహన్ అని జాలిపడ్డం మనకు వచ్చు. నువ్వేమనుకుంటున్నావమ్మా అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూర్చోవడమే ఇంకా రాలేదు.