భద్రాద్రి ప్రసూతి వార్డులో

గోదావరి వంతెన దాటి భద్రాచలమున ప్రవేశించు యాత్రికులలో అధికసంఖ్యాకులు రామాలయమువైపు సాగిపోదురు. దుమ్ముగూడెము, చర్ల మండలముల అడవి పల్లెలనుండి నిండుచూలాండ్రను వెంటబెట్టుకొని వచ్చువారు మాత్రము ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి దారి పట్టుదురు. నేను వీరి వెంట నడచితిని.

ప్రసూతి వార్డున ఒక కోయ అవ్వ, మనుమని చిగుళ్లపై తెల్లని గింజలను చూపుచు, "పండ్లతోటి పుట్టిండమ్మా, మేనమామకు గండమంటరు గదా" అని వాపోవుచుండెను. నర్సమ్మ చేతులు కడుగుకొని, టార్చి వెలుగున పసివాని నోరు మెల్లగా తెరచి, అంగిలి నడిమి గీతపై ఆవగింజకంటెను చిన్నవైన చుక్కలను గూడ చూపినది. గర్భమున అంగిలి పలకలు రెండును కలియువేళ నడుమ చిక్కిన కణములు కెరటిన్‌తో నిండి ఇట్లు తిత్తులగును. 1880లో ప్రాగ్ నగరపు శిశువైద్యుడు ఎప్‌స్టీన్ వర్ణించిన ఈ తిత్తులు నవజాత శిశువులలో సగముకంటె ఎక్కువమందికి ఉండును. చిగుళ్లపైనివి పంటిమొలక పొర అవశేషములు. ఇవియు నవియు కొలదివారములలో తమంతట రాలిపోవును. "గిల్లకు అవ్వా, ఉప్పు రుద్దకు; తల్లిపాలు పట్టిస్తే చాలు" అని నర్సమ్మ చెప్పగా అవ్వ ముఖము తేటపడెను.

అరుదైనవి వేరు. నాలుకక్రింద డెర్మాయిడ్ తిత్తియో, జీర్ణనాళపు ఆదికణములు దారితప్పి జఠరపు లోపొరను ధరించి పెరుగు తిత్తియో ఏర్పడినచో, అది నాలుకను పైకెత్తి, చప్పరింపును, ఊపిరిని గూడ అడ్డగించును. సూదితో ద్రవము లాగినను మరల నిండును. శస్త్రచికిత్సతో సమూలముగా తీయుటయే మార్గము. అందులకు 1953లో వెలసిన హైదరాబాదు నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి మూడువందల కిలోమీటర్లు పోవలెను. భద్రాచలము పేరు మోయు రైలుస్టేషనో, కొత్తగూడెమున నున్నది!

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము వెదకుమన్న తొమ్మిది జన్మలోపములలో గ్రహణమొర్రి కలదు గాని, నాలుకక్రింది తిత్తి లేదు. ఆసుపత్రి కాన్పు పిదప నలువదిరెండు దినములలోపల ఆరుమార్లు ఇల్లు తొక్కు ఆశా అమ్మలారా, మొర్రికై ఎట్లును నోరు తెరతురు గదా, ఆ నాలుకను గూడ ఒకమారు పైకెత్తి చూడుడు. చన్ను పట్టలేక, రొప్పుచున్న బిడ్డ కనబడిన ఆ పూటయే పంపుడు.