30 రూపాయల 80 పైసలు

మా అమ్మ పాల కేంద్రానికి డబ్బులు తిరిగి ఇవ్వడానికి పోయింది. నా కోడ్ వల్ల.

మాది మాక్లూర్. ఇంట్లో రెండు బర్రెలు. పొద్దున, సాయంత్రం పాలు పోస్తే కేంద్రంలో వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. గోడ మీద రేట్ల చార్ట్ ఉంటుంది: 5.0, 5.1, 5.2... ఒక్కో పాయింట్ పెరిగితే లీటరుకు 70 పైసలు ఎక్కువ. మా బర్రెల పాలు ఎప్పుడూ 5కీ 6కీ మధ్యనే. బిల్లు 15 రోజులకోసారి. అది సరిగ్గా ఇస్తున్నారా లేదా అని అమ్మకు ఎప్పటినుంచో అనుమానం. సెలవులకు ఇంటికి వెళ్తే 30 చీటీలు నా ముందు పెట్టి, "కంప్యూటరే చదువుతున్నవ్ గదా, జర లెక్క చూడు బిడ్డా" అంది.

చార్ట్‌ని పైథాన్‌లో ఒక లిస్ట్‌గా పెట్టా. వెన్న శాతంలోంచి 5 తీసేసి 0.1తో భాగిస్తే ఇండెక్స్ వస్తుంది కదా. రన్ చేస్తే ఎర్రగా ఎర్రర్: ఇండెక్స్ పూర్ణాంకమే కావాలి, ఫ్లోట్ కుదరదు. నేనేం చేశా? మనందరం చేసేదే. చుట్టూ ఇంట్ తగిలించా. ఎర్రర్ పోయింది, టోటల్ వచ్చింది. కేంద్రం ఇచ్చినదానికంటే 30 రూపాయల 80 పైసలు తక్కువ!

"అమ్మా, వాళ్లే నీకు ఎక్కువ ఇచ్చిండ్రు" అన్నా, కొంచెం గర్వంగానే. నవ్వుతుందనుకున్నా. "అయ్యో, పాపం ఆ పిల్లగాన్ని ఉత్తగనే అనుమానపడితి" అంటూ, తెల్లారి నేను రాసిచ్చిన కాగితం, కొంగున ముడేసిన 31 రూపాయలు పట్టుకొని పోయింది.

తిరిగొచ్చి ఆ 31 రూపాయలూ నా ల్యాప్‌టాప్ మీద పెట్టింది. ఆ అబ్బాయి చార్ట్ మీద వేలు పెట్టి చూపించాడట. "5.3కి నువ్వు 5.2 రేటు కట్టినవ్. ఇంగ్లీష్ మీడియంల గిదే నేర్పిండ్రా?"

ఒక్కో విలువా ప్రింట్ చేసి చూశా. 5.3కి 3 రావాల్సిన చోట 2.999... అని తొమ్మిదుల వరస. ఇంట్ దగ్గరి సంఖ్యకు మార్చదు, పాయింట్ తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది, వడ్ల కాంటా దగ్గర తరుగు తీసినట్టు. అందుకే 3 కాస్తా 2 అయింది. 5.0 నుంచి 5.9 దాకా వేసి చూస్తే 5.1, 5.3, 5.6, 5.8 తప్పు, మిగతా ఆరూ కరెక్ట్. అన్నీ తప్పయితే మొదటి చీటీకే తెలిసిపోయేది. 30లో 11 చీటీలు, 44 లీటర్లు ఇలా పోయాయి.

మా నానమ్మ ఇప్పటికీ అర్ధరూపాయిని ఆఠాన, పావలాను చారాన అంటుంది. 1957కి ముందు రూపాయికి 16 అణాలు. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా: ఒక్కోటి ముందుదానిలో సగం. కంప్యూటర్ దగ్గర ఉన్న చిల్లర కూడా అచ్చం ఇదే, సగం, సగంలో సగం, ఇంకా కిందికి. పావలా అడిగితే సరిగ్గా ఇస్తుంది. పది పైసలు అడిగితే మాత్రం ఎంత చిన్న నాణెం దాకా పోయినా కాస్త ఎక్కువో తక్కువో. 5.3ని కొంచెం తక్కువగా, 5.4ని కొంచెం ఎక్కువగా దాచుకుంది. తక్కువైనవాటినే ఇంట్ కోసేసింది.

1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో జరిగింది కూడా ఈ 0.1 గొడవే. పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ సెకనులో పదో వంతును కత్తిరించిన విలువతో టైమ్ లెక్కపెట్టేది. ఆపకుండా 100 గంటలు నడిచేసరికి సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. వస్తున్న స్కడ్‌ను పట్టుకోలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. నాది 31 రూపాయలతో పోయింది.

ముందు ఇంట్ తీసేసి రౌండ్ పెట్టా, పని చేసింది. కానీ నాకు నమ్మకం కుదరలేదు. చివరికి 5.3ని అసలు ఫ్లోట్‌గా తీసుకోవడమే మానేసి 53 అని ఎక్కించా. 53లోంచి 50 తీస్తే 3, భాగహారమే లేదు. డబ్బు కూడా రూపాయల్లో కాకుండా పైసల్లోనే. ఈసారి బిల్లు పైసాతో సహా సరిపోయింది.

అమ్మకు చెప్తే "మల్ల నమ్మమంటవా?" అని, ఫోన్‌లో చార్ట్ ఫోటో తెరిచి, ఒక్కో చీటీ మీద వేలు పెట్టి తనే చూడటం మొదలుపెట్టింది. 30 చీటీలూ అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నా. 5.8 వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకొని.