మట్టి వద్దనే మొక్క

ఆర్కిడ్ అనగానే మనవాళ్లకు పెళ్లిమండపం గుర్తొస్తుంది. వేదిక వెనక వరసగా గుచ్చిన ఊదారంగు పూలు. వాసన ఉండదు, తొందరగా వాడవు. అవి ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి విమానమెక్కి వచ్చే డెండ్రోబియం సంకరజాతులు. మన మామిడితోటల్లోనే ఒక ఆర్కిడ్ ఉందని, దానికి కమ్మటి వాసన కూడా ఉంటుందని చెబితే మొహమాటానికి తలూపుతారు తప్ప నమ్మరు.

దాని శాస్త్రీయ నామం వాండా టెస్సెల్లేటా. మామిడి, ఇప్ప, చింత కొమ్మల మీద ఉంటుంది. ఎండాకాలం నుంచి వానల దాకా పూస్తుంది. పువ్వు రూపాయి బిళ్ల కంటే పెద్దది. రేకులు పచ్చాపసుపూ కలిసిన రంగు, వాటి మీద లుంగీ గళ్లలా గోధుమరంగు గీతలు. వెనక్కి తిప్పి చూస్తే తెలుపు. మధ్యలో ముందుకు చాచిన పెదవి ఒక్కటే ఊదా. దూరం నుంచి చూస్తే ఏమంత అందగత్తె కాదు. ఎండెక్కిన వేళ దగ్గరికెళ్లి ముక్కు పెట్టాలి.

దీని సంగతి లోకానికి చెప్పింది మన గోదావరి ప్రాంతమే. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లేదాకా వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, ఇక్కడి మొక్కలకు మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795లో లండన్‌లో వెలువడడం మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఇదీ ఉంది. కొంతకాలం దీన్ని ఆయన పేరు మీదే వాండా రాక్స్‌బర్గీ అన్నారు. బొమ్మ గీసినవాడి పేరు మీద ఏ మొక్కా లేదు.

అంత చరిత్ర ఉన్న మొక్కను మన తోటల్లో కాపు అయిపోయాక కొమ్మలు కొట్టేటప్పుడు పీకి పారేస్తారు. అడిగితే, “బదనిక పట్టిందండీ, వదిలితే చెట్టును తినేస్తుంది” అంటారు. అసలు బదనిక వేరు. అది కొమ్మలోకి వేరు దించి రసం పీల్చేస్తుంది, దాన్ని నరకాల్సిందే. వాండా బెరడును పట్టుకుని కూర్చుంటుంది, అంతే. దాని తిండి వాననీళ్లు, గాలిలోని తేమ, బెరడు సందుల్లో చేరిన కాస్త చెత్త. చెట్టు దగ్గర చిల్లిగవ్వ కూడా తీసుకోదు. ఒక వేరు పక్కకు తీసి చూస్తే కింద బెరడుకు చిన్న గాయం కూడా కనిపించదు.

ఆ వేరు గురించి కాస్త చెప్పుకోవాలి, పెంపకమంతా అందులోనే ఉంది. పెన్సిలంత లావున, బూడిదరంగులో, చచ్చిన తీగలా ఉంటుంది. నాలుగు నీటిచుక్కలు పడ్డాయంటే చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. పైనున్న తెల్లటి పొర నీళ్లు పీల్చుకుని, లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఎప్పుడు నీళ్లు పోయాలో అదే చెబుతుంది: వేళ్లు తెల్లబడితే పోయండి, పచ్చగా ఉంటే ఊరుకోండి. తడిసిన వేరు త్వరగా ఆరాలి. మట్టిలో పెడితే గాలాడక కుళ్లుతుంది. కుండీ నిండా ఎర్రమట్టి, పశువుల ఎరువు వేసి పాతడమంటే చంపడమే.

చెక్కబుట్టలో నాలుగు బొగ్గు ముక్కలు వేసి వేలాడదీస్తే చాలు. అవి లేకపోయినా నష్టం లేదు. యాభై శాతం షేడ్‌నెట్ కింద వెలుతురు సరిపోతుంది. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే మురిసిపోకండి, ఎండ చాలక పూత రాదు. కాస్త పసుపు కలిసిన లేతపచ్చ ఉండాలి. కోస్తాలో గాల్లో తేమ ఉంటుంది కాబట్టి పని తేలిక. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దునా సాయంత్రం తడపాలి. ఆకుల మొవ్వులో నీళ్లు నిలిస్తే కుళ్లు పడుతుంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు పడవు. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లు అసలే వద్దు. వాననీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచివి లేవు. ఎరువు 20-20-20, లీటరుకు అరగ్రాము మించకుండా, వారానికోసారి చాలు.

పెరట్లో మామిడిచెట్టు ఉంటే ఇంకా హాయి. తొలకరి పడగానే కొమ్మకు జనపతాడుతో వదులు లేకుండా కట్టండి, మొవ్వులో నీరు నిలవకుండా కాస్త పక్కకు వంచి. తాడు చివికేలోపు వేళ్లు పట్టేసుకుంటాయి. జామచెట్టు పనికిరాదు, దాని బెరడు పెచ్చులుగా ఊడిపోతుంది.

మొక్క ఎక్కడిదన్నదే చిక్కు. ఒక కాయలో ధూళిలాంటి విత్తనాలు బోలెడు ఉంటాయి గాని, వాటిలో తిండి నిల్వ ఉండదు. తగిన బూజు తోడైతేనే అడవిలో మొలుస్తాయి. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగర్ మీద, బూజు లేకుండానే సీసాలో మొలిపించే పద్ధతి చూపించాడు. నేటి ఆర్కిడ్ వ్యాపారానికి అదొక పునాది. అయినా సీసాలోంచి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, చెట్టెక్కి పీకి అమ్మేవాళ్లూ ఉన్నారు. రాస్నా పేరుతో మందుకు వేళ్లు తీసేవాళ్లు సరేసరి.

అందుకే కొనేముందు వేళ్లు చూడండి. తెగి, చిట్లి, వాటికి బెరడు ముక్కలు అంటుకుని ఉంటే అది ఏ కొమ్మ మీంచో పీకినదే. ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.